పద్నాలుగో నంబరు బోరు

బోరు మూత తాళం తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. జయమణి మోకాలు నేలకి ఆనించి, తాళంచెవిని రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. మూత లేవగానే లోపలినుంచి చల్లటి మట్టివాసన కొట్టింది. భుజానున్న టేపు చక్రాన్ని దించి, చివరనున్న ఇనుప కడ్డీని బోరులోకి వదిలింది. టేపు ఆమె వేళ్ళ మధ్యనుంచి జారిపోతోంది. కడ్డీ నీళ్ళని తాకగానే చక్రానికున్న చిన్న పెట్టె కీచుమని అరిచింది. పైకి లాగి మళ్ళీ దించింది. మళ్ళీ అక్కడే అరిచింది. ఆ చోట టేపుని బొటనవేలితో నొక్కిపట్టి వంగి చూసింది.

నాలుగు మీటర్ల ముప్ఫై.

"నిండుకుండలాగున్నావు," అంది బోరుతో. చీర మీద తొడుక్కున్న చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. కిందటి నెల తుఫాను ఆ కొండ మీద మూడు రోజులు కుమ్మరించి పోయింది. ఆ నీళ్ళు రాతి సందుల్లో ఇంకా ఇంకుతూనే ఉన్నాయి. నవంబరు సగం దాటినా పద్నాలుగో నంబరు బోరు ఇంత పైకి ఉండడం పదకొండేళ్ళలో ఆమె చూడలేదు.

కొండ మీద అలాంటి బోర్లు ఇరవై ఆరు. ఒక్కోదాన్ని వారానికోసారి కొలవాలి. ఒకవైపు పరవాడ పొగగొట్టాలు, ఇంకోవైపు సముద్రం మీద వంతు కోసం నిలబడ్డ ఓడలు. కాళ్ళకింద, రాయి తొలిచి చేసిన గుహల్లో, దేశం కష్టకాలం కోసం దాచిపెట్టుకున్న ముడి చమురు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి అది కొండ ప్లాంటు, అంతే. పనిలో చేరిన కొత్తలో ఒక ముసలి ఇంజినీరు ఆమెకి ఒక్క ముక్కలో చెప్పాడు. గుహకి వేరే గోడ లేదమ్మా, రాతిలో ఉన్న నీళ్ళే దానికి గోడ. నీళ్ళు నిండుగా ఉన్నంతకాలం నూనె కదలదు. నీళ్ళు దిగిపోతే మాత్రం నాకు కాదు, నేరుగా పై ఆఫీసుకి ఫోన్ చెయ్యి.

మూత బిగించి తాళం వేస్తుండగా ఫోన్ మోగింది. మేనేజరు సాయిశంకర్.

"జయమణి గారూ, ఒకసారి కిందికి వస్తారా?"

ఆ 'గారు' ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. పదకొండేళ్ళుగా ఆ ఆఫీసులో ఆమె వట్టి జయమణి.

సాయిశంకర్ కుర్చీ చూపించాడు. ఆమె చీర కుచ్చిళ్ళకి అంటిన పల్లేరుకాయలు దులుపుకుని అంచు మీద కూర్చుంది. అటెండరు కాఫీ తెచ్చి పెట్టాడు. టేబుల్ మీద అట్ట కూడా నలగని కొత్త రిజిస్టరు, పక్కన అచ్చేసిన కాగితాల కట్ట, ఆ కట్ట మీద నాలుగు పెన్నులు ఉన్నాయి.

"తుఫానుకి స్టోర్‌రూమ్‌లో పాత రిజిస్టర్లు తడిసిపోయాయి," అన్నాడు సాయిశంకర్. "గురువారం ఢిల్లీనుంచి కమిటీ వస్తోంది. తడిసిన పుస్తకం చూపిస్తే బాగోదు. రెండేళ్ళ కొలతలు ఈ కాగితాల్లో ఉన్నాయి. మీ చేతిరాతతో దీంట్లోకి ఎక్కించి, వారం వారం సంతకం పెట్టెయ్యండి. బుధవారం మధ్యాహ్నానికి అయిపోవాలి."

"అలాగే సార్. నాలుగు పెన్నులేటి సార్?"

"మార్చి మార్చి రాయండి," అన్నాడు. కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "రెండేళ్ళూ ఒకే పెన్నుతో ఎవరు రాస్తారు చెప్పండి?"

ఆమె కాఫీ తాగింది. అతను సొరుగులోంచి ఇంకో కాగితం తీసి ఆమెకి కనపడేలా తిప్పి పెట్టాడు. పర్మనెంట్ చెయ్యడానికి పంపుతున్న పేర్లు. తొమ్మిదిమంది. మొదటి పేరు ఆమెదే.

*

స్టోర్‌రూమ్‌లో బల్ల వేసి, ఫ్యాను పెట్టించారు. జయమణి నీలం పెన్నుతో మొదలుపెట్టింది. ముందు ఏడాది పేజీలు ఇరవై దాకా చకచకా నడిచాయి. అంకెలు తనవే అన్నట్టుగా ఉన్నాయి. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట పెన్ను ఆగింది. ఎందుకాగిందో ఆమెకే వెంటనే తెలియలేదు. కిందటి నెల కాగితం కోసం కట్ట తిరగేసింది. తుఫాను వారం. పద్నాలుగో బోరు. పదమూడు మీటర్ల అరవై.

ఆ రోజు ఆమె గొడుగు ఎగిరిపోతుంటే చెట్టుకి కట్టేసి, తలమీద పాలిథిన్ సంచి కప్పుకుని ఆ బోరు కొలిచింది. టేపు అంతా వదలకముందే పెట్టె అరిచింది.

కాగితం పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది.

"సార్, ఇది తప్పు పడినట్టున్నాది. తుఫాను వారం పద్నాలుగో బోరు పైకొచ్చేసింది. నానే సూసినాను. ఇందులో పదమూడు అరవై అని ఉన్నాది."

"తప్పు కాదండీ." సాయిశంకర్ తల ఎత్తలేదు. "కొలత మొదలుపెట్టే స్థాయి మార్చారు ఢిల్లీవాళ్ళు. కంప్యూటర్ దాని ప్రకారం సర్దింది. మీరు కాపీ చెయ్యండి, చాలు."

ఆమె మళ్ళీ వచ్చి కూర్చుంది. మొదలు మారితే అన్ని బోర్లూ ఒకే మేర మారాలి. వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. మూడో బోరు ఆరు మీటర్లు దిగింది. పద్నాలుగోది తొమ్మిది. ఇరవై రెండోది పదకొండు. కొండ ఒక్కోచోట ఒక్కోలా కుంగినట్టు. ఇది కంప్యూటర్ సర్దింది కాదు, ఎవరో కూర్చుని వేసింది. వేసినవాడికి కొండ తెలియదు. ఇరవై రెండు పక్కనే ఎండాకాలం కూడా పారే ఊటగెడ్డ ఉంది. అక్కడ నీళ్ళు దిగాయంటే కొండ మేకలు కాసేవాళ్ళు కూడా నవ్వుతారు.

అన్నీ అర్థమయ్యాక కూడా ఆమె పెన్ను తీసింది. ఈసారి నల్లది.

మంగళవారం పదకొండింటికి గోపి టీ పట్టుకుని వచ్చాడు. కంట్రోల్ రూమ్‌లో పంపులు చూసే ఆపరేటరు. గుహలోకి ఊరే నీళ్ళని తోడి పైకి పంపడం, ఏ పంపు ఎన్ని గంటలు నడిచిందో రాయడం అతని పని. ముప్ఫై దాటినవాడు. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు.

"సెయ్యి నొప్పెడతందా అక్కా? నాది శనివారమే అయిపోయింది."

"నీ సేత కూడా రాయించినారా?"

"రాయించకేటి! రోజుకి ఆరు గంటలు తిరిగే పంపు పద్దెనిమిది గంటలు తిరిగినట్టు రాసినాను. పాపం ఆ పంపుకి తెలిస్తే బెంగెట్టుకుంటాది." నవ్వి, గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "కొండలో నీళ్ళు దిగిపోయినాయని నీ పుస్తకం సెప్పాల. గుహలోకి ఊట ఎక్కువైపోనాదని నా పుస్తకం సెప్పాల. రెండూ కలిపితే ప్లాంటు పాడైపోయిందని. బాగు సేయించడానికి సర్కారు దగ్గర డబ్బుల్లేవని. అందుకని ఉన్నది ఉన్నట్టుగా ముప్పై ఏళ్ళకి ప్రైవేటోళ్ళకి లీజు. పాడైపోయిన సరుకు గదా, వేలం పాట అక్కర్లేదు. వచ్చే బుధవారం సంతకాలంట."

"లోపలున్న నూనె?"

"నూనె కూడానే. బిందె అద్దెకిచ్చి నీళ్ళు ఒంపేసుకుంటారేటి?"

జయమణి టీ గ్లాసు పుచ్చుకుంది గానీ తాగలేదు. "మరి నువ్వెందుకు రాసినావు?"

"నువ్వెందుకు రాత్తన్నావో, అందుకే." గోపి ముఖంలో నవ్వు పోయింది. "కొండ మనదేటి అక్కా? మనల్నడిగి తవ్వినారా, మనల్నడిగి ఇత్తారా? బేగి రాసీసి ఇంటికెల్లిపో."

బుధవారం మధ్యాహ్నం ఆమె ఆఖరి సంతకం పెట్టింది. నూటనాలుగు వారాలు, నూటనాలుగు సంతకాలు. చివరి వాటిల్లో తన పేరు తనకే కొత్తగా కనిపించింది. సాయిశంకర్ పేజీలు తిప్పి చూసి, "మీ రాత బాగుంటుందండీ," అన్నాడు. సాయంత్రం ఆమె గేటు దాటుతుంటే అటెండరు ఒక గోనెసంచీని మేనేజరు కారు డిక్కీలో పెడుతున్నాడు. సంచీ మూతి దగ్గర పాత రిజిస్టరు అట్ట అంచు కనిపించింది. దానిమీద తడి మచ్చ ఒక్కటి కూడా లేదు.

*

కూర్మన్నపాలెంలో ఇంటికి చేరాక ఆమె కూర్చోలేకపోయింది. అన్నం పెట్టింది, చారు కాచింది, పెరట్లో బట్టలు తీసింది, మడత పెట్టినవి విప్పి మళ్ళీ మడిచింది. పిల్లలు పడుకున్నాక గిన్నెలు తోముతుంటే భర్త జాక్సన్ గుమ్మంలో నిలబడి చూశాడు. వెల్డింగు పనిచేసి వచ్చిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ గిన్ని ఇందాకే తోమినావు గదే."

ఆమె గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకోకుండానే అంతా చెప్పింది.

"సెయ్యట్టుకుని ఎట్టించినారా సంతకం?" అన్నాడు జాక్సన్.

"లేదు."

"బెదిరించినారా?"

"లేదు. కాఫీ ఇచ్చినారు."

"అయితే నీదే." అతను గుమ్మంలో కూలబడ్డాడు. తిట్టినట్టు లేదు, పని చూసి చెప్పినట్టుంది. "నా పనిలో కూడా ఇంతే. లోపల బొక్కలొగ్గేసి పైన రంగేసేత్తే ఎవుడికీ కనబడదు. ప్రెషర్ ఎట్టిన రోజున కక్కుతాది. అప్పుడు రంగేయించినోడి పేరు ఎవుడూ అడగడు, అతుకు ఎవుడేసినాడనే అడుగుతారు." ఆమెకేసి తిరిగి అన్నాడు, "పేరు లిస్టులో మొదట ఉన్నాదన్నావు గదా?"

"ఉన్నాది."

"సరే, తినేసి పడుకో."

ఆమె పడుకుంది గానీ, కళ్ళు మూస్తే పద్నాలుగో బోరు లోపలికి లోపలికి దిగిపోతున్నట్టు అనిపించి లేచి కూర్చుంటూ వచ్చింది.

*

గురువారం కమిటీ వచ్చింది. అయిదుగురు పెద్దమనుషులు, తెల్ల హెల్మెట్లు. వాళ్ళ వెనకే రెండు కార్లలో లీజు తీసుకోబోయే కంపెనీవాళ్ళు. కొండ ఎక్కుతారేమోనని జయమణి తెల్లవారేసరికే దారిలో పల్లేరు మొక్కలు కొట్టించి, తాళాలకి నూనె రాసి ఉంచింది. టేపు తుడిచి భుజాన వేసుకుని మొదటి బోరు దగ్గర నిలబడింది. అడుగుతారు. ఎవరో ఒకరు అడుగుతారు. కొలిచి చూపించమంటారు. చూపిస్తే ఏమవుతుందోనని రాత్రంతా భయపడింది. పొద్దుటికి ఆ భయమే ఆశలాగా మారింది.

వాళ్ళు మొదటి బోరు చుట్టూ నిలబడి ఫొటో తీయించుకున్నారు. సాయిశంకర్ రిజిస్టరు తెరిచి ఏదో ఇంగ్లీషులో చెప్పాడు. ఒకాయన పేజీ మీద వేలు పెట్టి, విచారంగా తలాడించాడు. ఇంకొకాయన కొండ వైపు చూసి, ఎంత ఎత్తు అని అడిగి, ఎండ ఎక్కువగా ఉందన్నాడు. బోరు మూత ఎవరూ తీయించలేదు. పన్నెండున్నరకి భోజనాలకి వెళ్ళిపోయారు.

ఆమె కొండ ఎక్కింది. ఆ రోజు కొలవాల్సిన బోర్లు ఎలాగూ కొలవాలి. పద్నాలుగో దగ్గరికి వచ్చేసరికి వెనకాల అడుగులు వినిపించాయి. కంపెనీ మనుషుల్లో ఒకతను, నలభై ఏళ్ళుంటాయి, బూట్లు నిండా దుమ్ముతో రొప్పుతూ ఎక్కి వస్తున్నాడు.

"ఒక్క నిమిషం అక్కా. నా పేరు సుందర్ రాజ్. కంపెనీలో జియాలజిస్టుని." ఆమె మెడలో సిలువ చూశాడు. "మీది ఏ సంఘం?"

"కూర్మన్నపాలెంలో బాప్టిస్టు."

"మేమూ బాప్టిస్టులమే. మాది రాజమండ్రి." సీసాలో నీళ్ళు ఆమెకి ఇవ్వబోయి, ఆమె వద్దంటే తను తాగాడు. "కొలవండి, చూస్తాను."

ఆమె టేపు వదిలింది. పెట్టె అరిచింది. ఇద్దరూ ఒకేసారి వంగి చూశారు. నాలుగు మీటర్ల ముప్ఫై ఐదు. జయమణి బొటనవేలు టేపు మీదనుంచి తీయలేదు. కిందనున్న రిజిస్టరులో ఈ వారం పద్నాలుగు మీటర్లు. ఇప్పుడితను గోల పెడతాడు, లీజూ గీజూ ఆగిపోతుంది, తన మెడకి చుట్టుకుంటుంది.

సుందర్ రాజ్ ముఖంలో ఆశ్చర్యం లేదు. "బాగుంది," అన్నాడు. "అక్కా, మీ దగ్గర రఫ్ పుస్తకాలుంటాయి కదా? కొండ మీద తిరిగేవాళ్ళు ముందు చిన్న పుస్తకంలోనే రాసుకుంటారు. పాతవి పారేయలేదు కదా?"

"ఇంట్లో ఉన్నాయి. ఎందుకండీ?"

"అవి మాకు కావాలి. అసలు నంబర్లు లేకుండా మేం ఎలా నడుపుతాం? ఎంత నూనె నింపొచ్చు, ఎన్ని పంపులు తీసెయ్యొచ్చు, అన్నీ వాటిమీదే ఉంటాయి."

"మరి కింద రిజిస్టరు?"

"అది కమిటీ కోసం." ఎంతో మామూలుగా అన్నాడు, ఇది డ్రైవరు సీటు, అది వెనక సీటు అన్నట్టు.

"ఆ లెక్కలు నిజం కాదని మీకు ముందే తెలుసా?"

"కొండ నిజంగా పాడైతే మేమెందుకొస్తామక్కా? ఆరు నెలల కిందటే కంచె అవతల మా సొంత బోరు వేసి చూసుకున్నాం. ఈ తీరంలో ఇంత మంచి రాయి ఇంకోటి లేదు." బూటుకి అంటిన పల్లేరుకాయ తీసి పారేశాడు. "మీరేం భయపడకండి. పదకొండేళ్ళు తప్పు లేకుండా కొలిచిన మనిషి మాకు బంగారం. బుధవారం తర్వాత మీరు మా సూపర్‌వైజరు. రేపు ఆ పుస్తకాలు తెచ్చిస్తారా?"

"తెత్తాను," అంది జయమణి. అనేసింది.

అతను దిగిపోయాక ఆమె మూత మూయడం మర్చిపోయి అక్కడే నిలబడింది. మూడు రోజులుగా ఆమెని నిలవనీయకుండా తిప్పింది ఒక్కటే. తను రాసిన అబద్ధాన్ని ఎవరో నమ్ముతారని, నమ్మి మోసపోతారని. ఎవరూ మోసపోలేదు. రాయించినవాడికి తెలుసు. పుచ్చుకునేవాడికి తెలుసు. తలాడించిన పెద్దమనిషికీ తెలిసే ఉంటుంది, లేకపోతే మూత తీయించకుండా ఎలా వెళతాడు? కింద రోడ్డు మీద ఫార్మా కంపెనీ షిఫ్టు బస్సు ఆగింది. ముఖాలకి చున్నీలు చుట్టుకున్న ఆడపిల్లలు దిగి, ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని నడుచుకుపోతున్నారు. టీ కొట్టు దగ్గర లారీ క్లీనర్లు స్నానం చేస్తున్నారు. ఆ పుస్తకం రాయించింది వీళ్ళ కోసం. ఈ కొండ తమదని తెలియని వీళ్ళు, ఎప్పుడైనా తెలిసి అడిగితే చూపించడం కోసం.

ఆమె కొండ దిగిన వేగానికి కాలు మడతపడింది. కుంటుకుంటూనే బస్సు ఎక్కింది.

*

ఆ సాయంత్రం అటక మీదినుంచి బిస్కెట్ల డబ్బా దించింది. రబ్బరు బ్యాండు వేసిన చిన్న పుస్తకాలు, చెమటకి అట్టలు ఉబ్బినవి, పదిహేడు. జాక్సన్ వాటికేసి చూసి, ఆమెకేసి చూశాడు.

"ఆ కంపెనీవోడికిత్తావా?"

"ఇత్తానన్నాను."

"మరి తెల్లకాయితాలెందుకు?"

ఆమె చాప మీద బోర్లా పడుకుని రాయడం మొదలుపెట్టింది. రెండుసార్లు రాసి చింపేసింది. రెండుసార్లూ మొదటి మాట 'మా మేనేజరు' అని వచ్చింది. మూడోసారి 'నేను' అని మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. జాక్సన్ లేచి వెళ్ళి, చారు వెచ్చబెట్టి, కంచం తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

శుక్రవారం ఆమె ప్లాంటు బస్సు ఎక్కలేదు. సిటీ బస్సులో గంటన్నర ప్రయాణం చేసి, నాలుగుచోట్ల అడిగి, ఆడిట్ ఆఫీసు కనుక్కుంది. సర్కారు సంస్థల లెక్కలు చూసేది వాళ్ళేనని ఎప్పుడో మీటింగులో విన్నది. కింది అంతస్తులో అద్దం కిటికీ వెనక ఒక కుర్రగుమాస్తా కాగితాలకి పిన్నులు కొడుతున్నాడు. బల్ల మీద పేరు పలక, నాగవంశీ అని.

"సోమవారం రండమ్మా. ఫిర్యాదులు సోమవారమే తీసుకుంటాం."

"సోమారం దాకా నాను ఆగలేను బాబూ. మనసు మారిపోద్ది."

అతను విసుగ్గా చెయ్యి చాపాడు. "ఎవరి మీద?"

"నా మీద."

పిన్నుల మిషను ఆగింది. అతను మొదటిసారి ఆమె ముఖం చూశాడు, తర్వాత కాగితం చూశాడు. నేను, కోలా జయమణి, ఈ నెల పదిహేడో తారీకునుంచి పంతొమ్మిదో తారీకు వరకు నూటనాలుగు వారాల తప్పుడు కొలతలు నా చేత్తో రాసి సంతకాలు పెట్టాను. ఆ ఒక్క వాక్యం చదివి, కుర్చీ వెనక్కి నెట్టి, "ఇక్కడే ఉండండమ్మా," అని లోపలికి నడిచాడు.

లోపల గదిలో ఆఫీసరు రోజారమణి క్యారేజీ మూత తీయబోతూ ఆగింది. యాభై దాటిన మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. మూడు పేజీలూ చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"రాయించింది మీ మేనేజరని ఇక్కడ మూడో పేజీలో ఉంది. దాన్ని ముందు రాయకుండా మిమ్మల్ని మీరు ముందు రాసుకున్నారేం?"

"ఆయన మీద రాత్తే సాచ్చికం ఏటని అడుగుతారమ్మా. నా మీద నాను రాసుకుంటే సాచ్చికం నానే గదా."

రోజారమణి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది తీసుకున్నానంటే ఏమవుతుందో తెలుసా? సోమవారంనాటికి మీకు ఉద్యోగం ఉండదు. విచారణలో మొదటి ముద్దాయి మీరే. వాళ్ళందరికీ లాయర్లుంటారు. అంతా ఈవిడే చేసింది, మాకేం తెలియదంటారు. చించేసి ఇంటికి వెళ్ళిపోవాలంటే ఇదే సమయం. నేను చూడలేదనుకుంటాను."

జయమణి సంచీలోంచి పుస్తకాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "ఇయి అసలు కొలతలమ్మా. పదిహేడున్నాయి. రసీదు రాసియ్యండి."

ఆఫీసరు ఒక్కో పుస్తకం తెరిచి మొదటి తారీకు, చివరి తారీకు చూసి కాగితం మీద రాసుకుంటూ పోయింది. తుఫాను వారం పేజీలు నీళ్ళు పడి అలుక్కుపోయాయి గానీ అంకెలు తెలుస్తున్నాయి. మధ్యలో జయమణి ఫోన్ మోగింది. సుందర్ రాజ్. ఆమె ఫోన్‌ని బల్ల మీద బోర్లించింది. రసీదు మీద ముద్ర పడ్డాక రోజారమణి క్యారేజీ గిన్నె ఒకటి ఆమె వైపు జరిపింది. "పొద్దున్నుంచి ఏం తినలేదనుకుంటాను. పులిహోర," అంది. జయమణి కుంటికాలు చాపుకుని కూర్చుని తిన్నది. ఆ వారంలో ముద్ద రుచి తెలిసింది అప్పుడే.

*

ఆఫీసరు చెప్పినట్టే అయింది. సోమవారం గేటు దగ్గర సెక్యూరిటీ నూకాలు ఆమె పాసు మిషనులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, "తీసుకోటం లేదక్కా," అన్నాడు తల వంచుకుని. తాళాల గుత్తి అతని చేతిలో పెట్టి ఆమె వెనక్కి తిరిగింది. సాయిశంకర్ ఫోన్ ఎత్తలేదు. మంగళవారం వచ్చిన ఉత్తరంలో ఆమె తప్పుడు కొలతలు రాసి సంస్థని మోసం చేసిందని ఉంది. చదివి జాక్సన్ కోపంతో ఊగిపోయాడు. "నిజమే గదా రాసినారు," అందామె.

బుధవారం సంతకాలు జరగలేదు. పరిపాలనా కారణాల వల్ల వాయిదా అని మర్నాడు పేపర్లో రెండు లైన్లు వచ్చాయి. రద్దు అని లేదు. వాయిదా అనే ఉంది. జయమణి ఆ మాటని రోజుకి పదిసార్లు చదివింది. పనిలేని చేతులతో ఇల్లంతా తిరిగింది. కొండ మీద బోర్లు ఎవరు కొలుస్తున్నారో, ఏం రాస్తున్నారో తెలియదు. పొద్దున్నే లేచి, ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా తల దువ్వుకుని తయారయ్యేది.

పది రోజులకి విచారణకి పిలుపు వచ్చింది. జాక్సన్ వస్తానన్నాడు గానీ, పని పోగొట్టుకునేవాళ్ళు ఇంటికొకరు చాలని ఒక్కతే బయల్దేరింది. ఆడిట్ ఆఫీసు రెండో అంతస్తు వరండాలో పొడుగాటి బెంచీ ఉంది. ఆ చివర ఒక మనిషి తల దించుకుని కూర్చుని ఉన్నాడు. ఏమీ నమలడం లేదు కాబట్టి మొదట ఆమె గుర్తుపట్టలేదు.

"గోపీ! నువ్వేటిరా ఇక్కడ?"

గోపి చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితముంది. "నిన్ననిచ్చినానక్కా. ఇయ్యాల పిలిసినారు."

"నిన్నెవుడు రమ్మన్నాడు? నా కాయితంలో నీ పేరు రాయలేదు నాను."

"తెలుసు. ఆ మేనేజరు గదిలో మాట్టాడుకుంటంటే విన్నాను. ఆవిడొక్కర్తీ రాసిందే గదా, పంపుల పుస్తకం మనకి గట్టిగున్నాది, దాన్నిబట్టి ప్లాంటు పాడయినట్టే లెక్క, పని ఆగదు అన్నారు." అతను మడత కాగితాన్ని మోకాలి మీద సాపు చేశాడు. "అంటే నీ నిజాన్ని నా అబద్ధంతో కొట్టేత్తారన్నమాట. రెండు రోజులు ఓర్సుకున్నాను. తిండి సయించలేదు. మా ఆవిడ దెయ్యం పట్టిందేమోనని తాయెత్తు కట్టించింది."

"నీకు పిల్లలున్నారు కదరా."

"నీకు లేరేటి?"

ఆమె అతని పక్కన కూర్చుంది. కింద రోడ్డు మీద బస్సు హారను మోగి మోగి ఆగింది. తలుపు తెరుచుకుంది. గుమాస్తా నాగవంశీ చీటీ చూసి పిలిచాడు.

"కోలా జయమణి!"

ఆమె లేచింది. గోపి కూడా లేచాడు.

"నీ పేరు కాదురా పిలిసింది."

"ఇన్నానక్కా," అని గోపి, ఆమె ఇంకా కుంటుతున్న కాలికేసి ఒకసారి చూసి, ఆమె చేతిలోని సంచీ అందుకుని ముందు నడిచాడు.